ఓట్లున్నా సీటు రాదెందుకు?

ఐక్యరాజ్యసమితి సంస్కరణల మీద ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: చైనా తప్ప మిగతా నాలుగు పెద్ద దేశాలూ భారత్‌కు భద్రతా మండలిలో శాశ్వత స్థానం ఉండాలంటున్నాయి. 2020లో 192 ఓట్లకు 184 మనకే పడ్డాయి. ఇంత బలం ఉన్నప్పుడు ఓటింగ్ పెట్టించి తేల్చుకోవచ్చు కదా? – ఒంగోలు

ముందు ఆ 184 సంగతి. అవి రెండేళ్ల తాత్కాలిక స్థానానికి పడ్డ ఓట్లు. పైగా ఆసియా-పసిఫిక్ వర్గం నుంచి ఆ ఏడాది బరిలో ఉన్నది మనం ఒక్కళ్లమే. పోటీ ఉన్నప్పుడు ఏమవుతుందో 1996లో చూశాం: జపాన్‌కు 142, మనకు 40. కాబట్టి 184ను శాశ్వత స్థానానికి దొరికిన మద్దతుగా లెక్కేసుకోకూడదు.

శాశ్వత స్థానానికి ఎన్నిక అంటూ ఉండదు. సమితి చార్టర్ 23వ అధికరణలో అయిదు దేశాల పేర్లు అచ్చేసి ఉన్నాయి. (ఆ అచ్చు ఇప్పటికీ మారలేదు. చైనాను ‘రిపబ్లిక్ ఆఫ్ చైనా’ అనీ, రష్యాను ‘సోవియట్ యూనియన్’ అనీ రాసి ఉంటుంది.) కొత్త పేరు చేర్చాలంటే చార్టర్‌నే సవరించాలి. ఆ పద్ధతి 108వ అధికరణలో ఉంది. రెండు మెట్లు.

మొదటి మెట్టు సర్వప్రతినిధి సభ. మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, అంటే 193లో 129. ఇది హాజరైనవాళ్లలో లెక్క కాదు, మొత్తంలో లెక్క. కాఫీకి బయటికెళ్లిన రాయబారి కూడా ఆచరణలో ‘వద్దు’ అన్నట్టే. అయితే ఇక్కడ వీటో (శాశ్వత సభ్య దేశం ఒక్కటి ‘వద్దు’ అంటే తీర్మానం ఆగిపోయే అధికారం) లేదు. రెండో మెట్టు ఇంటిదగ్గర ఎక్కాలి. మళ్లీ మూడింట రెండొంతుల దేశాలు తమ తమ రాజ్యాంగ పద్ధతి ప్రకారం సవరణను ధ్రువీకరించాలి, వాటిలో ఆ అయిదు శాశ్వత సభ్య దేశాలూ తప్పకుండా ఉండాలి. అమెరికాలోనైతే అది సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లతో నెగ్గాలి. ధ్రువీకరణకు గడువేమీ లేదు. అయిదుగురిలో ఎవరికైనా ఇష్టం లేకపోతే చెయ్యెత్తి వీటో అనక్కర్లేదు, ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి ఊరుకుంటే చాలు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఈ అధికరణకు బాగా అతుకుతుంది.

అయినా ఒకసారి ఇది జరిగింది. మొదట్లో మండలిలో 11 మందే ఉండేవాళ్లు. 1963 డిసెంబర్ 17న దాన్ని 15కు పెంచే తీర్మానం సభకు వచ్చింది. అనుకూలం 97, వ్యతిరేకం 11, తటస్థం 4. అయిదుగురు పెద్దల్లో ‘సరే’ అన్నది చైనా ఒక్కటే (ఆ స్థానం అప్పట్లో తైపీ, అంటే తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉండేది). సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ ఎటూ వేయలేదు. అలాంటిది 1965 ఆగస్టు 31 నాటికి అయిదుగురూ ధ్రువీకరించేశారు, సవరణ అమల్లోకి వచ్చింది. కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాలన్నీ ఒక్కటై అడుగుతుంటే, అడ్డం పడ్డవాడిగా మిగలడానికి ఎవరూ ఇష్టపడలేదు.

నా లెక్కలో మొత్తం కథకు ఇదే కీలకం. మొదటి మెట్టు ఎక్కాక రెండో మెట్టు మీద కూర్చుని అడ్డం పడటం పెద్ద దేశానికైనా ఖరీదైన పని. ఆ సంగతి వ్యతిరేకులకు బాగా తెలుసు. అందుకే అసలు పోరాటమంతా మొదటి మెట్టు కిందే, ఓటింగ్‌కు పెట్టదగ్గ రాతప్రతి తయారు కాకుండా చూడటం మీద నడుస్తోంది. 1993లో సభ ఒక కార్యవర్గాన్ని వేసింది. అది ఎంతకీ తెమలకపోయేసరికి ‘ముగింపు లేని కార్యవర్గం’ అని దౌత్యవేత్తలే నవ్వుకునేవాళ్లు. 2009లో ప్రభుత్వాల మధ్య చర్చలంటూ ఇంకోటి మొదలైంది. ఏటా మాట్లాడుకుంటారు, ఎవరి వైఖరి ఏమిటో ఒక పత్రంలో రాసుకుంటారు, ఏడాది చివర ‘వచ్చే సమావేశానికి కొనసాగిద్దాం’ అని నిర్ణయిస్తారు. ముసాయిదా పెట్టండి, దాని మీద బేరమాడదాం అని భారత్ అంటుంది. ముందు ఏకాభిప్రాయం రానివ్వండి, ముసాయిదా సంగతి తర్వాత చూద్దాం అని అవతలివాళ్లంటారు. 193 దేశాల్లో ఏకాభిప్రాయమంటే 193 వీటోలన్నమాట.

ప్రశ్న: ఆ అవతలివాళ్లు ఎవరు? ముసాయిదా వస్తే మనకు 129 వస్తాయా? – రాజమహేంద్రవరం

2005లో మూడు ముసాయిదాలు నిజంగానే బల్ల మీదికి వచ్చాయి. ఇప్పటికీ చర్చ వాటి చుట్టూనే తిరుగుతోంది.

మొదటిది భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి పెట్టింది. కొత్తగా 6 శాశ్వత స్థానాలు (ఈ నాలుగు, ఆఫ్రికాకు రెండు), 4 తాత్కాలికం, మొత్తం 25. వీటో గురించి 15 ఏళ్ల తర్వాత చూసుకుందాం, అప్పటిదాకా కొత్తవాళ్లు వాడరు అని రాశారు. రెండోది ఆఫ్రికా దేశాలది. మొత్తం 26, ఆఫ్రికాకు కనీసం రెండు శాశ్వత స్థానాలు, అవీ వీటోతో సహా. వీటో అన్యాయమే కానీ అది ఉన్నంతకాలం మాకూ ఉండాలి అన్నది వాళ్ల వాదన, అందులో తర్కం ఉంది. మూడోది ఇటలీ, పాకిస్తాన్, మెక్సికో, అర్జెంటీనా, దక్షిణ కొరియా, స్పెయిన్, కెనడా, టర్కీ వంటి డజను దేశాలది. దీన్ని కాఫీ క్లబ్ అంటారు. కొత్త శాశ్వత స్థానాలే వద్దు, తాత్కాలికం 10 పెంచి 25 చేయండి అంటారు వీళ్లు. ఎవరికి ఎందుకు గిట్టదో పటం చూస్తే తెలుస్తుంది: జర్మనీ వస్తే ఇటలీకి, మనమొస్తే పాకిస్తాన్‌కు, జపాన్ వస్తే దక్షిణ కొరియాకు, బ్రెజిల్ వస్తే అర్జెంటీనా, మెక్సికోలకు కంటగింపు.

ఇక లెక్క. 193లో ఆఫ్రికావి 54. అవి పక్కకు తప్పుకుంటే మిగిలేవి 139. అందులోంచి కాఫీ క్లబ్ డజను తీసేస్తే 127. కావలసింది 129. అంటే మిగతా ప్రపంచమంతా, చైనాతో సహా, మనవైపే నిలబడినా రెండు ఓట్లు తక్కువే. ఆఫ్రికా లేకుండా ఈ పని కాదు. 2005లో ఆఫ్రికా దేశాల కూటమి వీటో షరతు వదులుకోలేదు, మన ముసాయిదా ఓటింగ్ దాకా వెళ్లలేదు.

మరి జపాన్, జర్మనీ, బ్రెజిల్‌లతో కలిసి వెళ్లడమెందుకు, ఒంటరిగా అడగొచ్చు కదా అని ఇంకొందరు అడిగారు. జపాన్ పేరు చూస్తే చైనా మండిపడుతుంది, నిజమే. కానీ ఒంటరిగా వెళ్తే మిగిలిన ముగ్గురూ వాళ్ల ప్రాంతాల్లో పోగేసే ఓట్లు పోతాయి. కూటమి బరువూ అదే, బలమూ అదే.

ప్రశ్న: వీటో అంటే సరిగ్గా ఏమిటి? దాన్ని దాటే దారి ఏదైనా ఉందా? – విశాఖపట్నం

చార్టర్‌లో ‘వీటో’ అన్న మాటే లేదు. 27వ అధికరణ చెప్పేదల్లా ఇది: విధానపరమైన, అంటే సమావేశం నడిపే పద్ధతికి సంబంధించిన విషయాల్లో ఏ తొమ్మిది ఓట్లయినా చాలు; మిగతా అన్నిటికీ తొమ్మిది ఓట్లు రావాలి, వాటిలో శాశ్వత సభ్యుల సమ్మతి ఉండాలి. సమ్మతి అంటే చెయ్యెత్తి ఔననాలా? రాత ప్రకారం అలాగే ధ్వనిస్తుంది. ఆచరణలో మాత్రం పెద్ద దేశం తటస్థంగా ఉంటే తీర్మానం ఆగదు. 1971లో నమీబియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆనవాయితీని సమర్థించింది. గైర్హాజరైనా అంతే. 1950లో సోవియట్ ప్రతినిధి అలిగి మండలికి రావడం మానేసిన సమయంలోనే కొరియా తీర్మానాలు నెగ్గిపోయాయి. ఆ తర్వాత సోవియట్ ప్రతినిధి మళ్లీ అలా అలగలేదు.

పత్రికల్లో తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. తీర్మానానికి తొమ్మిది ఓట్లు రాకుండా ఓడిపోతే, అందులో పెద్ద దేశం ‘వద్దు’ అన్నా అది వీటో కింద లెక్కకు రాదు. అందుకే గిట్టని పెద్ద దేశాలు చేసే మొదటి పని ఎదుటివాళ్లకు తొమ్మిది రాకుండా చూడటం. వీటో మచ్చ పడకుండా పని జరిగిపోతుంది.

దాటే దారి ఎలా ఉంటుందో 2022 ఫిబ్రవరిలో రెండు రోజుల తేడాలో కనిపించింది. 25న ఉక్రెయిన్ మీద రష్యా దాడి గురించిన తీర్మానం మండలికి వచ్చింది. అనుకూలం 11, రష్యా వ్యతిరేకం, భారత్, చైనా, యూఏఈ తటస్థం. వీటో పడింది, తీర్మానం పోయింది. 27న, సర్వప్రతినిధి సభను అత్యవసరంగా పిలవాలన్న తీర్మానం వచ్చింది. మళ్లీ అదే 11, అదే ఒకటి, అదే మూడు. ఈసారి నెగ్గింది! సభను పిలవడం విధానపరమైన విషయం కనుక రష్యా ‘వద్దు’ ఒక మామూలు ఓటు అయిపోయింది. మార్చి 2న సభలో 141 దేశాలు తీర్మానాన్ని బలపరిచాయి, 5 వ్యతిరేకించాయి, భారత్‌తో సహా 35 తటస్థంగా ఉన్నాయి. ఈ దారి 1950లో ‘శాంతి కోసం ఐక్యత’ తీర్మానం (నంబర్ 377) వేసింది. దీని పరిమితీ తెలుసుకోవాలి. సభ సిఫార్సు చేయగలదు తప్ప ఎవర్నీ కట్టిపడేయలేదు.

ఒక విషయం విధానపరమైనదా కాదా అన్న దాని మీదే గొడవ వస్తే? ఆ ప్రశ్నకే వీటో వర్తిస్తుందని 1945లోనే పెద్ద దేశాలు ప్రకటించుకున్నాయి. దాన్ని జంట వీటో అంటారు. ఈ మధ్యకాలంలో ఎవరూ దాని జోలికి పోలేదు.

2022 ఏప్రిల్ 26న ఇంకో చిన్న కిటికీ తెరుచుకుంది. లీక్టెన్‌స్టైన్ అనే చిట్టి దేశం చొరవతో సభ 76/262 తీర్మానం చేసింది. మండలిలో వీటో పడిన ప్రతిసారీ పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమవుతుంది, వేసినవాళ్లు ఎందుకు వేశారో చెప్పుకునే అవకాశం ఉంటుంది. వీటో రద్దు కాదు, నిజమే. కానీ దీనికి చార్టర్ సవరణ అక్కర్లేకపోయింది, ఎవరి ధ్రువీకరణా అడగలేదు. గత ఇరవై ఏళ్లలో ఈ రంగంలో జరిగిన పనికొచ్చే మార్పుల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను.

ప్రశ్న: మా కాలేజీలో నమూనా ఐక్యరాజ్యసమితి పోటీ. నన్ను భద్రతా మండలి ముసాయిదా రాయమన్నారు. ఎలా మొదలుపెట్టాలి? – హనుమకొండ

తీర్మానమంతా ఒకే ఒక్క వాక్యం. ఈ ముక్క తెలిస్తే సగం పని అయినట్టే. కర్త ‘భద్రతా మండలి’. తర్వాత పీఠిక పేరాలు: గుర్తు చేసుకుంటూ, ఆందోళన చెందుతూ, గమనిస్తూ... ఇలా కామాలతో సాగుతాయి, వీటికి అంకెలుండవు. ఆపైన అంకెలు వేసిన అమలు పేరాలు, సెమికోలన్లతో. ఫుల్‌స్టాప్ చిట్టచివర ఒక్కటే. ఇంగ్లిష్‌లో క్రియ పేరా మొదట్లోనే వస్తుంది కనుక చదువుతూనే తెలిసిపోతుంది, తెలుగులో చెబితే క్రియ చివరికి పోతుంది. తెలుగులో ఆలోచించి రాసేవాళ్లు ముందు క్రియల పట్టిక వేసుకుని, తర్వాత పేరాలు నింపుకోవడం మేలు.

క్రియే ప్రాణం. ‘నిర్ణయిస్తోంది’ అంటే 25వ అధికరణ కింద సభ్య దేశాలన్నీ పాటించాల్సిందే. ‘డిమాండ్ చేస్తోంది’ కటువైనది. ‘పిలుపునిస్తోంది’, ‘కోరుతోంది’, ‘ప్రోత్సహిస్తోంది’ వరసగా మెత్తబడతాయి. పీఠిక చివర ‘చార్టర్ 7వ అధ్యాయం కింద వ్యవహరిస్తూ’ అని ఉంటే ఆంక్షలకో (41వ అధికరణ) సైనిక చర్యకో (42) తలుపు తెరిచారన్నమాట. ‘అవసరమైన అన్ని మార్గాలూ’ అన్న మాట కనబడితే అది బలప్రయోగానికి అనుమతి. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు 1990 నవంబర్ 29న చేసిన 678వ తీర్మానంలో వాడింది ఈ మాటే. అందులో ‘యుద్ధం’ అనే పదం కోసం వెతికితే దొరకదు.

అసలు మండలిలో ముసాయిదా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది, వాళ్లను కలం పట్టినవాళ్లంటారు. చాలా అంశాల్లో ఆ కలం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లదే. రాసి పంచుతారు, అభ్యంతరాలు తీసుకుని దిద్దుతారు. తర్వాత ‘మౌనం’ పాటిస్తారు: ఫలానా గంట దాకా ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఎవరైనా ‘మౌనం భంగం చేస్తున్నాం’ అని ఈమెయిల్ పెడితే మళ్లీ దిద్దుబాటు. చివరి ప్రతిని ‘నీలం’లో పెడతారు. ఒకప్పుడు ఓటింగ్‌కు సిద్ధమైన ప్రతిని నీలి సిరాతో అచ్చేసేవాళ్లు, ఆ పేరు మిగిలిపోయింది.

పోటీల్లో తరచూ మార్కులు పోయేది మూడు చోట్ల. సర్వప్రతినిధి సభ కమిటీలో కూర్చుని ఆంక్షలు ‘నిర్ణయించడం’ ఒకటి, ఆ అధికారం సభకు లేదు. ‘అంతర్జాతీయ సమాజం చర్యలు తీసుకోవాలి’ అని ఎవరికీ పని అప్పజెప్పకుండా రాయడం రెండోది. ఎవరు, ఏమిటి, ఎన్నాళ్లలో అన్నది ఉండాలి: ‘ప్రధాన కార్యదర్శి 90 రోజుల్లో మండలికి నివేదిక ఇవ్వాలని కోరుతోంది’ అన్నట్టు. మూడోది మండలి ఆఖరి పేరాను మరచిపోవడం. ఈ విషయాన్ని ఇకముందూ తన పరిశీలనలో ఉంచుకోవాలని మండలి ‘నిర్ణయిస్తోంది’ అని రాసి ముగించాలి.

ప్రశ్న: నిజాం హైదరాబాద్ వ్యవహారం భద్రతా మండలికి వెళ్లిందని మా తాతగారు అనేవారు. నిజమేనా? – నిజామాబాద్

నిజమే. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం మండలికి ఫిర్యాదు పంపింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చన్న 35(2) అధికరణను ఆధారం చేసుకుంది. సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి కదిలింది. 16న పారిస్‌లో మండలి సమావేశమైంది. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున ఆర్కాట్ రామస్వామి ముదలియార్ వచ్చారు. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమే కాదు, దానికి ఫిర్యాదు చేసే అర్హత లేదన్నది మన వాదన.

అంశాన్ని ఎజెండాలో చేర్చడానికి 8 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకం ఎవరూ లేరు, ముగ్గురు తటస్థం. ఎజెండాలో చేర్చడం కూడా విధానపరమైన విషయమే, వీటోకు అందదు. అర్హత ఉందని ఒప్పుకున్నట్టూ కాదు. మర్నాడే, 17న, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న ఆయన సైన్యం లొంగిపోయింది. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం తంతి పంపాడు. అయినా 1949 మే నెలలో పాకిస్తాన్ పట్టుబట్టి మండలిలో మాట్లాడింది. తీర్మానమేదీ రాలేదు. ‘హైదరాబాద్ ప్రశ్న’ అన్న పేరు మాత్రం మండలి పరిశీలనలోని అంశాల జాబితాలో దశాబ్దాల పాటు అచ్చవుతూ వచ్చింది. ఒక విషయాన్ని మరచిపోవడానికి కూడా మండలిలో ఒక పద్ధతి ఉంది మరి.

ప్రశ్న: ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి)లో వీటో లేదు కదా, అక్కడ సంస్కరణ సులువేనా? – హైదరాబాద్

ఆ పేరు పెట్టలేదు, అంతే. ముఖ్యమైన నిర్ణయాలకు అక్కడ 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఓట్లు సుమారు 16.5 శాతం. మిగతా ప్రపంచమంతా ఏకమైనా 83.5 దగ్గర ఆగిపోతుంది.

ఓట్లు కోటాను, అంటే ఒక్కో దేశం నిధిలో పెట్టే సొమ్ము వాటాను బట్టి వస్తాయి. అందరికీ సమానంగా పంచే మూల ఓట్లు మొత్తంలో 5.502 శాతం. మిగతావన్నీ కోటాలో ప్రతి లక్ష ఎస్‌డీఆర్‌కు ఒకటి చొప్పున. (ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కల కోసం వాడుకునే ప్రమాణం.) మన కోటా 1,311 కోట్ల ఎస్‌డీఆర్, 2.75 శాతం, ఓట్లు 2.63 శాతం. కోటా సూత్రంలో జీడీపీకి 50 శాతం, విదేశీ వాణిజ్యం వగైరా లావాదేవీల విస్తృతికి 30, ఆ రాబడుల ఒడిదుడుకులకు 15, విదేశీ నిల్వలకు 5. ఆ జీడీపీలో 60 పాళ్లు మార్కెట్ రేటు, 40 పాళ్లు కొనుగోలు శక్తి (దేశాల మధ్య ధరల తేడాను సరిచేసిన లెక్క). మనలాంటి దేశాలు కొనుగోలు శక్తి వాటా పెంచమని, యూరప్ దేశాలు విస్తృతి వాటా తగ్గించొద్దని పట్టుబట్టడం ఇందుకే. ఏ అంకె కదిలితే ఎవరి శాతం పెరుగుతుందో అందరి దగ్గరా లెక్కలున్నాయి.

2010 డిసెంబర్‌లో ఒప్పుకున్న సంస్కరణ 2016 జనవరి 26న గానీ అమల్లోకి రాలేదు, అమెరికా కాంగ్రెస్ అయిదేళ్లు కూర్చుంది. 2023 డిసెంబర్‌లో కోటాలన్నీ 50 శాతం పెంచాలని నిర్ణయించారు, కానీ అందరికీ ఒకే నిష్పత్తిలో. సీసా పెద్దదైంది, ఎవరి గుక్క మారలేదు.

కార్యనిర్వాహక బోర్డులో 25 కుర్చీలు. మనది బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్‌లతో కలిపి ఒక కుర్చీ. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ కాకముందు వై.వి. రెడ్డి కూర్చున్నది అందులోనే.

ప్రశ్న: సమితికి బకాయి పడితే ఏం చేస్తారు? – నెల్లూరు

రెండేళ్ల చందాకు సమానంగా బకాయి పడితే 19వ అధికరణ కింద సర్వప్రతినిధి సభలో ఓటు పోతుంది. ఆ గీతకు కాస్త ముందు ఆగి కట్టే దేశాలు ఉంటాయి, అది వేరే విద్య. చందా గరిష్ఠం 22 శాతం (అమెరికా), కనిష్ఠం 0.001 శాతం. భద్రతా మండలిలో ఓటు మాత్రం బకాయితో పోదు.

ఇందులో విచిత్రం ఒకటుంది. చందాలు ఆలస్యంగా వస్తే ఖర్చు ఆపుతారు. ఆపిన ఖర్చు ఏడాది చివర ‘మిగులు’గా కనబడుతుంది. నిబంధన ప్రకారం మిగులును సభ్య దేశాల ఖాతాలో తిరిగి జమ వేయాలి. చేతికి రాని డబ్బును వెనక్కివ్వడమన్నమాట. 2025 మార్చిలో ప్రధాన కార్యదర్శి గుటెరస్ మొదలుపెట్టిన ‘యూఎన్80’ పొదుపు కార్యక్రమం గురించి చదివేటప్పుడు ఈ లెక్కను గుర్తుంచుకోండి.

ప్రశ్న: గుటెరస్ తర్వాతివారిని ఎవరు ఎన్నుకుంటారు? – తెనాలి

ఆయన పదవీకాలం 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది. 97వ అధికరణ ప్రకారం మండలి సిఫార్సు చేయాలి, సభ నియమించాలి. మండలి పంపేది సాధారణంగా ఒక్క పేరే. ముందు మండలిలో గుప్తంగా నాడి పడతారు. ఒక్కో అభ్యర్థి పేరు పక్కన ప్రోత్సాహం, నిరుత్సాహం, అభిప్రాయం లేదు అని మూడు గళ్లు. కొన్ని విడతలయ్యాక శాశ్వత సభ్యుల చీటీలను వేరే రంగులో ఇస్తారు. నిరుత్సాహం ఆ రంగు చీటీలో కనబడితే అభ్యర్థికి సంగతి అర్థమవుతుంది. 2006 అక్టోబర్ 2న శశి థరూర్‌కు ప్రోత్సాహం 10, నిరుత్సాహం 3, అభిప్రాయం లేనివి 2 వచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి రంగు చీటీ. చివరికి ఆ పదవి దక్కిన బాన్ కీ-మూన్‌కు 14 ప్రోత్సాహాలు, ఒక ‘అభిప్రాయం లేదు’. థరూర్ అదే రోజు పోటీ నుంచి తప్పుకున్నారు.